దూలం వేరు, ఊతం వేరు

బెంగళూరు

అమ్మాయ్,

నీ కథ చదివాను, వెంటనే మళ్ళీ మొదటినుంచి చదివాను. అనంతపురం నుంచి వచ్చి సర్జాపూర్ రోడ్డులో అపార్ట్‌మెంట్లు కట్టే మేస్త్రీ ఇంటి సంగతులు అంత దగ్గరగా రాసినవాళ్ళు తక్కువ. మనుషులు కుదిరారు, వాళ్ళ మాట కుదిరింది. అయితే ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఆ ఇంటికి నాన్నే మూలస్తంభం, నాన్నే పునాది, నాన్నే ఊతం" అని రాశావు. చెవికి బాగానే ఉంది. కానీ జీవితమంతా ఇళ్ళు కట్టిన మనిషి గురించి చెబుతూ ఆ మూడింటినీ ఒకే గాటన కట్టేశావు. ఆ మేస్త్రీకి చదివి వినిపిస్తే ఒప్పుకోడు.

ఇలాంటి మాట రాసే ముందు బరువు ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎటు దిగుతోంది అని అడుగు. నేను కుర్రవాళ్ళందరికీ ఇదే చెబుతుంటాను. దూలం అడ్డంగా పడుకుని, మీద పడ్డదాన్ని రెండు కొసలకూ పంచుతుంది. నీ కథలో ఇద్దరు అన్నదమ్ముల మధ్య నలిగిపోయే పెద్దమ్మ ఉంది చూడు, ఆవిడ దూలం. నిట్రాడు గుడిసె నడుమ ఒంటరిగా నిలబడి కప్పునంతా ఎత్తిపడుతుంది. అదొక్కటి ఒరిగితే గుడిసె చతికిలబడుతుంది. ఊళ్ళో ఉండిపోయిన నాయనమ్మకు ఆ మాట సరిపోతుంది, పైగా ఆమె నోట పలికే మాట కూడా అదే. పునాది సంగతి నీకు చెప్పక్కర్లేదు, కనబడనిదే పునాది. రోజూ అందరి కళ్ళెదుట తిరిగే నాన్నను పునాది అంటే అతకదు.

ఊతం దగ్గర మాత్రం కొంచెం ఆగుదాం. వీలు చూసుకుని, స్లాబు పోసిన మర్నాడు సైటుకు వెళ్ళు. పైకి కాదు, కిందికి వెళ్ళి చూడు. కాంక్రీటు గట్టిపడేదాకా పట్టి ఉంచే అచ్చు, అదే సెంట్రింగ్, దాని కింద వరసగా ఇనుప జాకీలు, చిన్న ఇళ్ళకైతే సర్వి కట్టెలు. ఎక్కడైనా కట్టె పొట్టిదైతే కింద చెక్కముక్క పెట్టి బిగించి ఉంటారు. ఆ రోజు స్లాబు బరువంతా వాటి మీదే. మన దేశంలో కాంక్రీటు పనికి పాటించే ఐఎస్ 456 కోడ్ ప్రకారం, మామూలు సిమెంటుతో పోసిన స్లాబు నిడివి 4.5 మీటర్ల లోపైతే ఆ కట్టెల్ని కనీసం 7 రోజులు కదపకూడదు, అంతకు మించితే 14 రోజులు. 6 మీటర్లు దాటిన బీమ్‌కైతే 21 రోజులు. ఆ తర్వాత తీసేయాల్సిందే, అవి పెట్టిందే తీసేయడానికి. పిల్లర్ తీస్తే ఇల్లు కూలుతుంది. ఊతం తీశాకే స్లాబు తన బలం మీద తాను నిలుస్తుంది.

ఇప్పుడు నీ కథలోకి రా. మేస్త్రీ తమ్ముణ్ణి చదివిస్తాడు. ఉద్యోగం వచ్చాక ఆ తమ్ముడికి అన్న అవసరం ఉండదు. ఊతం అన్న మాట పెట్టాల్సింది అక్కడ. ఒక్కసారి, ఏ విశేషణమూ లేకుండా. చదివేవాళ్ళకు ఆ అన్న నొప్పి దానంతటదే తగులుతుంది. ఊతకర్ర దారి వేరు. అది మనిషితో పాటు నడుస్తుంది, చివరిదాకా చేతిలోనే ఉంటుంది. కలిపేయకు.

ఊతపదాలూ ఆ సెంట్రింగ్ కట్టెల్లాంటివే. నీ కథనంలో "నిజానికి" చాలాచోట్ల దొర్లింది. తొలి ప్రతిలో ఉండనీ, ఆలోచనను పట్టి నిలబెట్టేది అదేనేమో. వాక్యం గట్టిపడ్డాక తీసేయ్. మేస్త్రీ మాటమాటకీ అనే "అదే మరి" జోలికి మాత్రం వెళ్ళకు, అది అతని గొంతు.

తమ్ముణ్ణి వాళ్ళ వదిన "తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే రకం" అంటుంది కదా, ఆ చోటు చదివి చాలా సంతోషించాను. వాసాలు వీధిలో పోయేవాడికి కనబడవు. లోపలికి పిలిచి అన్నం పెడితే, తిని చాప మీద వెల్లకిలా పడుకున్నవాడికే కనబడతాయి. ఆ నమ్మకమంతా ఆ సామెతలో ఉంది కాబట్టే అంత కోపం పలుకుతుంది. ఆమె ఇప్పుడుంటున్న రేకుల షెడ్డులో వాసాలు లేకపోయినా ఆ మాట మార్చకు. కొత్తదనం కోసం "రేకులు లెక్కపెట్టే రకం" అని రాస్తే ఆ కోపమంతా చప్పబడిపోతుంది.

స్తంభంతో జాగ్రత్త. పనిలో ఉన్నవాళ్ళెవరూ "స్తంభం పోశాం" అనరు, పిల్లర్ పోశాం అంటారు. నీ కథనంలో కూడా సైటులో ఉన్నది పిల్లరే కావాలి. మెట్రో వచ్చాక ఈ ఊళ్ళో పిల్లర్ నంబరు చెప్పి ఇల్లు గుర్తులు చెప్పేవాళ్ళం కూడా అయ్యాం. స్తంభమనే మాట గుళ్ళకూ గౌరవాలకూ మిగిలింది. అందులోనూ ధ్వజస్తంభం, జయస్తంభం ఏ కప్పునూ మొయ్యవు. క్రియ అయ్యేసరికి ఆ గౌరవమూ పోతుంది. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్ స్తంభించింది అంటాం, భయంతో మనిషి స్తంభించిపోయాడు అంటాం. కదలకుండా ఉండటం ఒకచోట బలం, ఒకచోట చేతకానితనం. "నాన్న మూలస్తంభం" అని రాసి, రెండు పేజీల తర్వాత "నాన్న స్తంభించిపోయాడు" అని రాశావు. తెలిసే రాసి ఉంటే అద్భుతం. తెలియకపోతే ఒకటి తీసేయ్.

ఎప్పుడైనా లేపాక్షి వెళ్ళిరా, ఇక్కణ్ణుంచి 120 కిలోమీటర్లుంటుంది. వీరభద్రాలయంలో వేలాడే స్తంభం అడుగు నేలకు పూర్తిగా ఆనదు. వచ్చినవాళ్ళు దాని కిందనుంచి ఇటు గుడ్డ పెట్టి అటు లాగుతుంటారు. శిల్పంగా అది గొప్పదే. కానీ కథలో "ఆసరా", "అండ", "వెన్నుదన్ను" లాంటి మాటలు అలా వేలాడకూడదు. వెన్నుదన్ను అన్నావంటే ఎవరో వెనక నిలబడి ఉండాలి, ఎవరన్నది కథలో తెలియాలి. ఆసరా అయితే ఇంకో చిక్కు. తెలంగాణలో 2014 నుంచి ఆసరా అంటే పింఛను కూడా. అక్కడి ముసలమ్మ "ఆసరా వచ్చిందా" అంటే డబ్బుల గురించే అడుగుతోందనుకుంటారు. నీ కథలో నాయనమ్మది అనంతపురం గనక ఇబ్బంది లేదు. ఆ పాత్రను పాలమూరుకు మారుస్తానన్నావు కదా, మారిస్తే ఆ సంభాషణ మళ్ళీ రాయాలి.

ఇక మొదట చెప్పిన వాక్యం. నాన్న చనిపోయిన ఏడాది ఆ ఇంట్లో ఎవరి మీద ఎంత బరువు పడిందో ముందు తేల్చుకో. ఆ మూడింటిలో ఏ మాట ఉంచాలో, అసలు ఒక్కటైనా కావాలో వద్దో అప్పుడు నీకే తెలుస్తుంది. సంక్రాంతికి ఊరెళ్ళే లోపు రెండో ప్రతి పంపు. ఈసారి చేతిరాతలోనే పంపినా సరే, చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు