మంగలి కత్తి కొన్న అల్లుడికి

పెరంబూరు, చెన్నై

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు మంగలి కత్తి కొన్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. చెప్పింది అనడం తక్కువ, గోల పెట్టింది. "నీ పిచ్చే వీడికీ పట్టింది, నువ్వే మాన్పించు" అని నాకే అప్పజెప్పింది. మాన్పించడం నా వల్ల కాదు. ఎలాగూ కొన్నావు కాబట్టి చెప్పాల్సిన నాలుగు ముక్కలు చెబుతాను.

ఇందులో గడ్డం గీసుకోవడం పావు వంతు పనేరా. కత్తిని ముందు సిద్ధం చేసుకోవడం, తర్వాత తడి లేకుండా తుడిచి దాచుకోవడం, మిగతా ముప్పావు వంతూ అదే. వీడియోల్లో గీసేది మాత్రమే చూపిస్తారు. నువ్వూ అక్కడే ఆగిపోతావేమోనని నా భయం.

రోజూ పెట్టుకోకు. వారానికి రెండుసార్లు చాలు. మంగళ, శుక్రవారాలు మీ అమ్మ ఎలాగూ ఒప్పుకోదు. బుధవారం ఇంటి నుంచే పని అన్నావు కదా, ఆ రోజూ ఆదివారమూ పెట్టుకో. అరగంట తీరిక ఉండాలి. మిగతా రోజులకి పాత రేజరే. కింద ఆఫీస్ క్యాబ్ హారన్ కొడుతుంటే టెన్షన్‌లో ఈ కత్తిని గొంతు దగ్గరికి తేకూడదు.

కొత్త కత్తి అంటే పదునైన కత్తి అనుకోకు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి చాలావరకు గడ్డానికి పనికొచ్చేంత పదునుతో రావు. ముంజేతి మీద, చర్మానికి తగలకుండా కాస్త ఎత్తులో కత్తిని నడిపించి చూడు. వెంట్రుకల కొసలు తెగి పడితే సరే. వాటిని పక్కకి వంచేసి జారిపోతే ఇంకా సాన పట్టాలన్నమాట. బొటనవేలితో మాత్రం పదును చూడొద్దు. ఈ కత్తుల వెడల్పుని అంగుళంలో ఎనిమిదో వంతుల్లో లెక్కేస్తారు. నీది 5/8 అయితే మంచిదే, చేతికి తేలిగ్గా లొంగుతుంది. మొన గుండ్రంగా ఉన్నదే తీసుకున్నావని ఆశిస్తున్నాను. మొన కోసుగా ఉంటే ముక్కు పక్కన, చెవి దగ్గర గుచ్చుకుంటుంది.

ఇక తోలు పట్టీ, గీసుకునే ముందు కత్తి అంచుని సరిచేసేది. దీని గురించే ఎక్కువ రాయాలి.

స్నానానికి వెళ్లకముందే, చేతులు పొడిగా ఉన్నప్పుడే ఈ పని అయిపోవాలి. పట్టీ కొక్కేన్ని కిటికీ ఊచకి తగిలించి, రెండో చివర పట్టుకుని బిగుతుగా లాగు. వదులుగా వేలాడితే కత్తి అంచు గుండ్రబడిపోతుంది. ముందు గుడ్డ వైపు ఓ ఇరవై సార్లు, తర్వాత తోలు వైపు యాభై సార్లు. కత్తిని పూర్తిగా పడుకోబెట్టాలి. వెన్నూ (పదును లేని మందపాటి వైపు) అంచూ రెండూ పట్టీని తాకుతూ ఉండాలి. నడిచేటప్పుడు వెన్ను ముందు, అంచు వెనక. చివరికి వచ్చాక తిప్పాల్సింది వెన్ను మీదే, అది తోలుని వదలకూడదు. అంచు మీద తిప్పావంటే తోలుకి గాటు పడుతుంది, అంచు మడత పడుతుంది. ఆ ఒక్క మడత చాలు, మర్నాడు చెంప మంటెత్తడానికి. వేగం అక్కర్లేదు. చటచటా ఆడించడం సినిమాలకి బావుంటుంది. నువ్వు నెమ్మదిగా, ఒకే ఒత్తిడితో చెయ్యి. తోలు లేని రోజు కత్తీ లేదు, అలా పెట్టుకో.

నీళ్ల సంగతి. వేళచ్చేరిలో మీ అపార్ట్‌మెంట్‌కి బోరు నీళ్లే కదా. ఆ నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి, నురగ నిలవదు. సబ్బు మంచిది కాదేమోనని ఖరీదైనది కొంటావు, అదీ అంతే. తాగడానికి తెప్పించుకునే క్యాన్ నీళ్లు ఒక గ్లాసుడు వేడిచేసి బ్రష్‌కి వాడి చూడు. నురగ చిలికిన పెరుగులా చిక్కగా, మెరుస్తూ రావాలి. బుడగలు కనిపిస్తే ఇంకా కలపాలి. వేడినీళ్ల స్నానం అయిన వెంటనే గీసుకో, వెంట్రుక నీళ్లు పీల్చి మెత్తబడి ఉంటుంది.

మొదటి నెలంతా చెంపలు మాత్రమే గీయి. గడ్డం, పెదవి పైన, మెడ పాత రేజర్‌తో పూర్తిచెయ్యి. రెండు చేతులతో రెండు చెంపలూ గీయాలని పంతం పెట్టుకునేవాళ్లున్నారు. నాకైతే అది అనవసరం, కుడిచేతినే ముఖం మీదుగా అటు పోనిచ్చి రెండో చెంపా గీయొచ్చు.

ఖాళీ చేత్తో చెవి దగ్గర చర్మాన్ని పైకి లాగి పట్టుకో. తడి చేతికి చర్మం జారుతుంది, వేళ్లు తువాలుకి తుడుచుకుని పట్టుకో. కత్తి వెన్నుకీ చెంపకీ మధ్య, ఆ వెన్ను మందమంత ఖాళీ ఉంటే చాలు. ముప్ఫై డిగ్రీల లోపే అన్నమాట. మరీ పడుకోబెడితే వెంట్రుకల్ని పీకుతుంది, లేపితే కోస్తుంది. ఒత్తకు, కత్తి బరువుతోనే దిగనివ్వు. వాలు సరిగ్గా కుదిరితే సర్రుమని సన్నటి చప్పుడు వినిపిస్తుంది. ఎప్పుడూ అంచుకి అడ్డంగా కిందికే గీయాలి తప్ప, అంచు పొడవునా పక్కకి జారనివ్వకూడదు. తెగేది అక్కడే. వెంట్రుక వాలు ఎటుంటే అటే గీయి. ఎదురు వాలు గురించి వచ్చే సంవత్సరం మాట్లాడుకుందాం.

తెగితే చల్లటి నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ కాసేపు అదిమిపెట్టి, పటిక రాయి రుద్దు. మొటిమ ఉన్నచోట గీయకు. నీ కత్తి నీదే, రూమ్మేట్ సరదా పడినా ఇవ్వొద్దు. రక్తం ద్వారా అంటుకునే జబ్బులతో ఆటలేంటి? సెలూన్లలో బ్లేడు సగానికి విరిచి బిగించే పిడి వాడేది అందుకే, మనిషికో కొత్త బ్లేడు వెయ్యొచ్చని. అక్కడ పటిక వాడినా దాన్ని మీద రుద్దించుకోకు.

ఇప్పుడు తుప్పు. ఇది కార్బన్ స్టీలు, ఊరేమో సముద్రం ఒడ్డున ఉంది. రాత్రి తడితో వదిలేస్తే తెల్లారేసరికి చుక్కలు లేస్తాయి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, పాత పంచె ముక్కతో వెన్ను వైపు నుంచి అంచు వైపుకి తుడువు. పిడిలో ఇరుసు దగ్గర తడి దాక్కుంటుంది, అక్కడ కూడా గుడ్డ దూర్చి అద్దు. మూయకుండా ఓ గంట గాలికి ఉంచు. కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క పలచగా రాసి గదిలో బీరువాలో పెట్టు, బాత్‌రూమ్‌లో వద్దే వద్దు. ఐప్పసి, కార్తిక అనే తమిళ నెలల (అక్టోబరు నుంచి డిసెంబరు దాకా) వానల్లో తోలు పట్టీ కూడా బూజు పడుతుంది. చుట్టిపెట్టకుండా వేలాడదియ్యి.

ఇంకోటి. సైకిల్ మీద చక్రం తిప్పుతూ కత్తులూ కత్తెర్లూ సాన పట్టేవాళ్లు మీ వీధిలోకీ వస్తుంటారు. పాపం పనిమంతులే, అరివాళ్‌మనైకీ, అదే కత్తిపీటకీ, కూరగాయల కత్తికీ వాళ్లే సరి. నీ కత్తి మాత్రం ఇవ్వకు. ఆ చక్రం రాపిడికి సన్నటి అంచు వేడెక్కి స్టీలు మెత్తబడిపోతుంది, తర్వాత ఏ రాయీ దాన్ని బాగుచెయ్యలేదు. దీన్ని చదునైన రాయి మీద, నీళ్లు పోసుకుంటూ, వెన్నూ అంచూ రెండూ ఆనించి పట్టాలి. వెయ్యి నంబరు రాయితో మొదలై ఎనిమిది వేలు, పన్నెండు వేల దాకా పోతుంది, నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన. తోలు సరిగ్గా వాడుతుంటే కొన్ని నెలలకోసారి చివరి రాయి చాలు.

రాళ్లు నువ్వు కొనకు, నా దగ్గరున్నాయి. కత్తి పీకుతోందనిపించిన వెంటనే ఓ ఆదివారం లోకల్ ట్రైన్ ఎక్కి వచ్చెయ్యి. పట్టీ కూడా తెచ్చుకో, దాని మీద నీ చెయ్యి ఎలా నడుస్తోందో చూడాలి. పొద్దున్నే వస్తే అత్తయ్య పెసరట్లు వేస్తానంటోంది. మీ అమ్మకి మాత్రం చుట్టపు చూపుగా వచ్చావని చెబుదాం.

ఇట్లు,
మావయ్య