సమాధానం: పాప కనురెప్ప మీద ఎర్రటి గడ్డ, ఆగాలా చూపించాలా?

మీ రెండు నెలల పాప పైరెప్ప మీద ఎర్రటి గడ్డ పెరుగుతోందని, ఇంట్లో పెద్దవాళ్లు "అదే పోతుందిలే" అంటున్నారని రాశారు కదండీ. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. మీరు చెప్పిన తీరు చూస్తే హెమాంజియోమాలా ఉంది, అంటే రక్తనాళాలు ఎక్కువగా పెరిగి ఏర్పడే గడ్డ. అది క్యాన్సర్ కాదు. వీపు మీదో చేతి మీదో చిన్నదుంటే చాలావరకు వదిలేస్తారు.

కానీ రెప్ప మీదైతే ఆగకూడదు. గడ్డ బరువుకి రెప్ప వాలి కంటికి అడ్డొచ్చినా, కనుగుడ్డుని నొక్కినా ఆ కంటి చూపు సరిగా ఎదగదు. తర్వాత గడ్డ కరిగినా పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. ఇవి మొదటి 5 నెలల్లోనే జోరుగా పెరుగుతాయి, అందుకే ఈ వారమే పిల్లల కంటి డాక్టర్‌కి చూపించండి.

ప్రొప్రనొలాల్ సిరప్ రాస్తే, బీపీ మందు కదా అని టెన్షన్ పడకండి. 2008 నుంచి దీనికి వాడుతున్నారు. పాలు తాగేటప్పుడో, తాగిన వెంటనేనో పట్టాలి. పాప పాలు తాగకపోయినా, వాంతులవుతున్నా ఆ డోసు ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయండి, షుగర్ పడిపోయే ప్రమాదముంది.

స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా ఓసారి చూడండి. ఇలాంటివి 5 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, లోపల కూడా ఉన్నాయేమోనని కాలేయానికి స్కాన్ చేయిస్తారు. పసర్లు మాత్రం పూయొద్దు.