పెద్ద తాత వారసులు: జనాభా లెక్కలా, పెన్షన్ కాగితమా?

ప్రశ్న: లాయరు గారూ, మాది రాజోలు దగ్గర పల్లె. మా తాతగారి అన్నయ్య రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మిలటరీలో చేరి, బర్మా వైపు వెళ్లి తిరిగి రాలేదు. ఆయన భార్య, అంటే మా పెద్ద మామ్మ, చంటి కూతురిని తీసుకుని నరసాపురం దగ్గర పుట్టింటికి వెళ్లిపోయింది. ఆవిడకు చాలా ఏళ్లు మిలటరీ పెన్షన్ వచ్చేదని మా నాన్న చెప్పేవారు. తర్వాత రాకపోకలు లేవు. ఇప్పుడు తాతగారి పేరున ఉన్న ఎకరం పాతిక సెంట్ల కొబ్బరి తోట అమ్ముదామంటే, పెద్ద తాత వారసుల సంతకాలు లేనిదే కుదరదని కొనేవాళ్ల లాయరు అంటున్నారు. 1941, 1951 జనాభా లెక్కల కాగితాలు తీయిస్తే వాళ్ల వివరాలు దొరుకుతాయా? పెన్షన్ రికార్డు ఎక్కడ అడగాలి? ఆ పెన్షన్ బకాయిలు మాకేమైనా వస్తాయా?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: జనాభా లెక్కల మీద ఆశ ముందే వదిలేసుకోండి. విదేశాల్లో ఉన్న బంధువులెవరో మీకీ సలహా ఇచ్చి ఉంటారు. అక్కడ ఇది నిజంగానే పనికొస్తుంది. అమెరికాలో 72 ఏళ్లు దాటితే ఇంటింటి సెన్సస్ కాగితాలు అందరికీ తెరుస్తారు. 1950 నాటివి 2022లో బయటపెట్టారు. ఇంగ్లండ్‌లో వందేళ్లు ఆగాలి. 1921 నాటివి కూడా 2022లోనే వచ్చాయి. మన దగ్గర మాత్రం 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ఆ దారి పూర్తిగా మూసేసింది. ఎన్యూమరేటరు రాసుకున్న పుస్తకం చూసే హక్కు ఎవరికీ లేదు. ఎలాగో నకలు సంపాదించినా సివిల్ కేసులో అది సాక్ష్యంగా చెల్లదు. ఇన్నేళ్లు దాటితే చూడొచ్చన్న గడువు కూడా లేదు. 1941 సంగతి మరీ అన్యాయం, యుద్ధం వల్ల ఆ ఏడు పట్టికలు వేయడమే కుదించేశారు. లైబ్రరీల్లో దొరికే పాత సెన్సస్ సంపుటాల్లో ఏ ఊళ్లో ఎంతమంది ఆడా మగా అన్న లెక్క ఉంటుంది గానీ మీ పెద్ద మామ్మ పేరు ఉండదు.

పెన్షన్ సంగతి వేరు. అసలు మీ చేతిలో ఉన్న ఆధారం అదొక్కటే. ఫ్యామిలీ పెన్షన్ మంజూరు కావాలంటే సిపాయి చనిపోయిన తేదీ, భార్య పేరు, పిల్లల పేర్లు, ఊరు కాగితం మీదకు ఎక్కాల్సిందే. పైగా పెన్షన్ లేకుండా బయటికొచ్చిన సిపాయిల సర్వీసు కాగితాలను 25 ఏళ్ల తర్వాత నాశనం చేసే నిబంధన మిలటరీలో ఉంది. పెన్షన్ నడిచిన కుటుంబాల ఫైళ్లు అంతకంటే ఎక్కువ కాలం ఉంటాయి. కాబట్టి ఆవిడకు పెన్షన్ వచ్చిందని మీ నాన్నగారు చెప్పిన మాట చిన్న విషయం కాదు.

అడగడానికి ముందు సర్వీసు నంబరు కావాలి. నంబరు లేకుండా ‘ఫలానా పేరుగల మా పెద్ద తాత’ అని రాస్తే, ఆ పేరుతో చాలామంది ఉన్నారు, వివరాలు పంపండి అని తిరుగు టపాలో జవాబొస్తుంది. మిలటరీ రికార్డుల్లో మన ఇంటిపేర్లు చాలాసార్లు ఉండవు, లేదా గుర్తుపట్టలేనంత మారిపోయి ఉంటాయి. పాత ట్రంకుపెట్టెలో మెడల్ ఏదైనా ఉందేమో వెతకండి. ఆ యుద్ధం మెడల్స్ భారతీయ సిపాయిలకు ఇచ్చినప్పుడు పేరు చెక్కి ఇచ్చేవారు. గుండ్రటి మెడల్ అయితే అంచు మీద, నక్షత్రం ఆకారంలో ఉంటే వెనకవైపు చూడండి. చింతపండు పెట్టి తోమి అక్షరాలు అరగదీయకండి; పొడిగుడ్డతో తుడిచి, వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకుంటే నంబరు, ర్యాంకు, పేరు, దళం కనిపిస్తాయి. మెడల్ లేకపోతే పాత మనియార్డరు కూపన్లు, ట్రెజరీ ముద్ర ఉన్న పెన్షన్ పుస్తకం, ఏదైనా ఫర్వాలేదు. అవి మీ ఇంట్లో కంటే ఆవిడ పుట్టింట్లో ఉండే అవకాశమే ఎక్కువ.

ఇంట్లో ఏమీ దొరక్కపోతే, యుద్ధంలో పోయిన సిపాయిల సమాధులు, స్మారకాలు చూసే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ల రికార్డు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. బర్మాలో సమాధి కూడా తెలియకుండా పోయిన దాదాపు 27,000 మంది పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్‌లోని స్మారకం మీద ఉన్నాయి. ఎంట్రీలో నంబరు, దళం, చనిపోయిన తేదీ ఉంటాయి. చాలావాటిలో తండ్రి పేరు, భార్య పేరు, ఊరు కూడా ఉంటాయి. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసిన స్పెల్లింగులు కాబట్టి ఒకే పేరును నాలుగు రకాలుగా కొట్టి చూడండి.

నంబరు దొరికాక ఆ దళం రికార్డ్స్ ఆఫీసుకు సమాచార హక్కు చట్టం కింద రాయండి. మద్రాస్ రెజిమెంటు అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్ (ఇంజనీర్ల దళం) అయితే బెంగళూరు. పెన్షన్ మంజూరు వివరాలకు ప్రయాగ్‌రాజ్‌లోని డిఫెన్స్ పెన్షన్ల ప్రిన్సిపల్ కంట్రోలర్ ఆఫీసుకు మరో దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు. తప్పు ఆఫీసుకు వెళ్లినా, సరైన చోటికి ఐదు రోజుల్లో పంపాల్సిన బాధ్యత వాళ్లదే. కథంతా రాయకండి. చనిపోయినట్టు నమోదైన తేదీ, పెన్షన్ ఎవరి పేర మంజూరైంది, నమోదైన పిల్లల పేర్లు, ఏ ట్రెజరీలో ఎప్పటిదాకా చెల్లించారు – ఈ నాలుగూ అడిగి, సర్టిఫైడ్ కాపీలు కావాలని రాయండి. ఇది వ్యక్తిగత సమాచారం, ఇవ్వలేం అంటారేమో. అప్పుడు అదే చట్టంలోని 8(3) సెక్షన్ చూపించి అప్పీలు వేయండి. ఇరవై ఏళ్ల కిందటి సంగతులకు ఆ మినహాయింపు అడ్డురాదు. అప్పీలుకు గడువు 30 రోజులు, మర్చిపోకండి.

ఇక మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది. పెద్ద తాత ఎప్పుడు చనిపోయారు? తోట అమ్మకం ముడి అంతా అక్కడే ఉంది. మీ ఉత్తరాన్ని బట్టి మీది హిందూ కుటుంబమనుకుని చెబుతున్నాను. అప్పటికే క్రైస్తవం తీసుకున్న కుటుంబమైతే లెక్క వేరు, 1925 భారత వారసత్వ చట్టం చూడాలి.

తోట తాతగారు సొంత డబ్బుతో కొన్నదైతే పెద్ద తాత వారసుల సంతకంతో పనే లేదు. కొనుగోలు దస్తావేజు చూపిస్తే చాలు. ముత్తాతగారి నుంచి వచ్చిందైతే, అన్నదమ్ములు అప్పటికే పంచుకున్నారా, ఉమ్మడిగా ఉన్నారా అన్నది తేలాలి. పంచుకుని ఉంటే పెద్ద తాత వాటా ఆయన భార్యకు అనుభవ హక్కుగా వెళ్లింది. అది ఆవిడ స్వాధీనంలో ఉన్నట్లయితే 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌తో సంపూర్ణ హక్కయింది. ఆవిడ తర్వాత కూతురికి. అంటే మీ అత్తయ్యకు, ఆవిడ లేకపోతే ఆవిడ పిల్లలకు.

ఉమ్మడిగా ఉండగా ఆయన యుద్ధంలో, 1942–45 మధ్య, చనిపోయి ఉంటే ఫలితం తిరగబడుతుంది. భర్త వాటా భార్యకు ఇచ్చిన 1937 చట్టం వ్యవసాయ భూమికి వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది. యుద్ధం అయ్యాక మద్రాసు ప్రభుత్వం 1947 చట్టంతో దాన్ని పొలాలకు కూడా వర్తింపజేసింది. ఈలోగా మగపిల్లలు లేకుండా పోయినవారి వాటా పాత పద్ధతిలో బతికున్న తమ్ముడికే చేరిపోయింది, భార్యకు మనోవర్తి మాత్రమే మిగిలింది. ఆ లెక్కన తోటలో మీ అత్తయ్యకు వాటా లేకపోవచ్చు. న్యాయమా అంటే నా మనసుకు కాదు. కానీ చట్టం అప్పట్లో అంతే. అయితే ఇల్లు, ఇంటి స్థలం వ్యవసాయ భూమి కాదు, వాటికి 1937 చట్టం అప్పటికే ఉంది. కాబట్టి తోట మాట ఎలా ఉన్నా పాత ఇంటి స్థలంలో పెద్ద మామ్మ వాటా బతికి ఉండొచ్చు. పెద్ద మామ్మకు మనోవర్తి కింద తోటలోనే కొన్ని సెంట్లు రాసిచ్చి ఉంటే, తులసమ్మ కేసులో 1977 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఆ సెంట్లు పూర్తిగా ఆవిడవే.

ఏడేళ్లు కబురు లేకపోతే చనిపోయినట్టే కదా అని ఎవరైనా అంటారు. నిజమే, భారతీయ సాక్ష్య అధినియమం 111వ సెక్షన్ ఆ ఊహకు ఒప్పుకుంటుంది. కానీ చనిపోయారని ఊహిస్తుందే తప్ప ఫలానా రోజున అని ఊహించదు. మీకు కావలసింది ఆ రోజే. అందుకే మిలటరీ కాగితం వెంటపడమంటున్నాను. కనిపించకుండా పోయినవారికి కూడా మిలటరీ వాళ్లు ఒక తేదీ రాసి ఉంచుతారు.

ఉమ్మడా, విడిపోయారా అన్నది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తేలుతుంది. ముత్తాతగారి పేరుతోనూ, అన్నదమ్ములిద్దరి పేర్లతోనూ పాత ఇండెక్సు వెతికించండి. భూముల దస్తావేజులుండే ఒకటో పుస్తకం, దాని ఇండెక్సు ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. కంప్యూటరులో తీసే ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) అంత వెనక్కి వెళ్లదు, చేత్తో వెతికించాల్సిందే. అక్కడి డాక్యుమెంటు రైటర్లలో పెద్దవాళ్లనెవరినైనా తోడు తీసుకెళ్లండి. పంపకాల దస్తావేజు ఒక్కటి దొరికితే చాలు, అన్నదమ్ముల పేర్లు, వాటాలు, హద్దులు అన్నీ అందులోనే ఉంటాయి. తహసీల్దారు ఆఫీసులో పాత భూమి రికార్డైన ఫెయిర్ అడంగల్ నకలు కూడా తీసుకోండి.

అత్తయ్యను వెతకాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి అవతలికి వెళ్లాలి. అక్కడ జిల్లాల పేర్లతో చిక్కు. నరసాపురం 1904 దాకా గోదావరి జిల్లా, అక్కణ్నుంచి 1925 దాకా కృష్ణా జిల్లా, ఆ తర్వాత పశ్చిమ గోదావరి. పెద్ద మామ్మ పుట్టిన కాగితం మీద కృష్ణా జిల్లా అని ఉంటే వేరే మనిషి అనుకుని పక్కన పడేయకండి. 2022 విభజనకు ముందు మీ జిల్లా కేంద్రం కాకినాడ, వాళ్లది ఏలూరు. పాత రికార్డుల కోసం ఆ రెండు ఊళ్లలోనూ అడగాల్సి రావచ్చు. ఆవిడ పుట్టింటి ఊరి ఎలిమెంటరీ స్కూలు పాత అడ్మిషన్ రిజిస్టరు చూపించమని హెడ్మాస్టరు గారిని అడగండి. మీ అత్తయ్య తండ్రి లేని పిల్ల కాబట్టి సంరక్షకుడిగా మేనమామ పేరు ఉండొచ్చు, వాళ్ల ఇంటిపేరుతో ఆ కుటుంబాన్ని పట్టుకోవచ్చు. 1951–52 ఎన్నికల ఓటర్ల జాబితా దొరికితే ఇంటి నంబరు, భర్త పేరు కూడా తెలుస్తాయి. మీరు సెన్సస్‌లో వెతుకుదామనుకున్నది దాదాపు అదే.

పెన్షన్ బకాయిల మీద ఆశ పెట్టుకోకండి. ఫ్యామిలీ పెన్షన్ ఆస్తి కాదు, వారసత్వంగా దిగదు. వయొలెట్ ఐజక్ కేసులో 1991లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. తమ్ముడి మనవడికి అందులో హక్కు లేదు. మీ అత్తయ్య బతికుండి, తల్లి ఉండగానే భర్తను పోగొట్టుకుని ఉంటే, ఆదాయ పరిమితికి లోబడి ఆవిడ అడిగే వీలుంది. ఆ దరఖాస్తు ఆవిడే పెట్టుకోవాలి, మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సాయం చేస్తారు.

ఇంత తిరగడం ఎందుకు, మండలాఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చేస్తే సరిపోదా అని మధ్యవర్తి ఒకాయన మీకు చెప్పే ఉంటాడు. మీ తాతగారి సంతానం వరకు ఆ సర్టిఫికెట్ తీసుకోవడంలో తప్పులేదు. ముత్తాతగారి వంశవృక్షంలోంచి పెద్ద తాతను తీసేసి, తాతగారు ఒక్కరే కొడుకు అని అఫిడవిట్ ఇస్తే మాత్రం అది క్రిమినల్ కేసు. పైగా ఆ సర్టిఫికెట్ హక్కును తేల్చదు. ఎనభై ఏళ్లుగా తోట మా చేతిలోనే ఉందన్న వాదన కూడా ఒక్కటే నిలబడదు; ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరు అనుభవిస్తే మిగతావాళ్ల తరఫున కూడా అనుభవిస్తున్నట్టే కోర్టులు చూస్తాయి, నీకు హక్కు లేదని ఎదుటివారికి తెలిసేలా చెప్పి పన్నెండేళ్లు గడిస్తే తప్ప.

అత్తయ్య కుటుంబం దొరికి, వాటా ఉందని తేలితే రిజిస్టర్డ్ హక్కు విడుదల దస్తావేజు రాయించుకోండి, లేదా అమ్మకంలో వాళ్లనూ అమ్మకందారులుగా చేర్చండి. వాటా లేదని కాగితాలు చెబితే ఆ కాగితాలే కొనేవాళ్ల లాయరు ముందు పెట్టండి. ఆయన మీ మీద పట్టుదలతో అడగడం లేదు, రేపు తన క్లయింటుకు దావా రాకూడదని అడుగుతున్నారు. ఎంత వెతికినా దొరక్కపోతే పేపర్లో పబ్లిక్ నోటీసు ఇచ్చి, అవసరమైతే సివిల్ కోర్టులో హక్కు మాదేనని తేల్చమని డిక్లరేషన్ దావా వేసుకోవాలి. ఇవేవీ తేలకముందు అడ్వాన్సు పుచ్చుకోకండి. ఇప్పటికే పుచ్చుకుని ఉంటే, అగ్రిమెంటులో గడువు తేదీ ఎంత ఉందో చూసుకుని, ఆ తేదీ దాటకముందే దాన్ని పొడిగిస్తూ ఇద్దరూ సంతకాలు చేసుకోండి.