కారం కాదు, బిల్లు మీది రెండు మాటలే మీ కేసు

ప్రశ్న: మాది విశాఖపట్నం, మద్దిలపాలెం. 2024 ఆగస్టు 18న మా పెళ్లిరోజని నేనూ నా భార్యా ఒక మాల్‌లోని ఫుడ్‌కోర్టుకు వెళ్లాం. సిచువాన్ వంటల స్టాల్‌లో కుంగ్ పావ్ చికెన్ తీసుకున్నాం. నాకు చిన్నప్పటి నుంచీ వేరుశెనగ పడదు. నాలుగైదు చెంచాలు తినేసరికి నాలుక మొద్దుబారింది, ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు వాచి ఊపిరి అందలేదు. అప్పటికి మూడో నెల గర్భిణి అయిన నా భార్య ఏడుస్తూ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. రెండు రోజులు ఐసీయూలో ఉన్నాను. తర్వాత అడగడానికి వెళితే స్టాల్ వాళ్లు 'కారం తట్టుకోలేనివారు ఎందుకు తింటారు' అని నవ్వారు. మోతాదు మించిన కారంతో ప్రాణం మీదికి తెచ్చినందుకు 25 లక్షలు రాబట్టాలనుకుంటున్నాను. డాక్టరు చేత 'విషాహారం' అని సర్టిఫికెట్ రాయిస్తే కేసు గట్టిపడుతుందని మా బావమరిది అంటున్నాడు. ఇంకా గడువు ఉందా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో సగం పైగా స్టాల్ వాళ్ల నవ్వు గురించే. నవ్వు మీద కేసు నడవదు, కారం మీద అసలే నడవదు. ఆవకాయ కలుపుకుని తినే ఊళ్లో నిలబడి 'కారం ఎక్కువైంది' అని ఫిర్యాదు చేస్తే వినియోగదారుల కమిషన్‌లో కూడా ఎవరో ఒకరు నవ్వుతారు. వంటలో కారం ఇంతకు మించకూడదని చెప్పే చట్టమేదీ లేదు. నాలుక మొద్దుబారడం కూడా నేరానికి గుర్తు కాదు. మన బండ్ల మీద దొరికే 'షెజ్వాన్' అంటే ఎండుమిర్చి, వెల్లుల్లి నూరిన ఎర్ర సాస్. అసలు సిచువాన్ వంటలో వేసే ఒక రకం మిరియం నాలుకను జిల్లుమనిపించి మొద్దుబారుస్తుంది. చైనావాళ్లు ఆ రుచిని 'మాలా' అంటారు, అంటే తిమ్మిరీ కారమూ అని. దాని కోసమే జనం డబ్బిచ్చి తింటారు.

మీరు ఉత్తరంతో పాటు పంపిన బిల్లు ఫొటోను మీరే ఒకసారి సరిగా చూసి ఉంటే ఈ నాలుగు పేజీలు ఇంకోలా రాసేవారు. నేను దాన్ని పెద్దది చేసి చూశాను. పైన ఒక కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు, 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు. కుంగ్ పావ్ చికెన్ 380, వెజ్ నూడుల్స్ 240, అయిదు శాతం పన్ను 31, మొత్తం 651 రూపాయలు. సమయం రాత్రి 8.14. చికెన్ వరస కింద, కాస్త లోపలికి జరిపి, సగం వెలిసిపోయిన చిన్న అక్షరాల్లో 'నో పీనట్' అని ఉంది. మీ కేసు మొత్తం ఆ రెండు మాటల్లో ఉంది.

ఎందుకంటే, అవి లేకపోతే స్టాల్ వారి లాయరు చేసే మొదటి వాదన ఇలా ఉంటుంది: 'కుంగ్ పావ్ అంటేనే ఎండుమిర్చి, చికెన్ ముక్కలు, వేరుశెనగ గుళ్లు. వేరుశెనగ పడని మనిషి దాన్నే ఎందుకు తీసుకున్నట్టు?' వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 87 ఆయనకు ఊతమిస్తుంది. అందరికీ తెలిసిన ప్రమాదం గురించీ, వాడేవారికి తెలిసి ఉండవలసిన ప్రమాదం గురించీ హెచ్చరించలేదని తయారీదారును బాధ్యుణ్ని చేయడం కుదరదు. నిజం చెప్పాలంటే నేనూ మిమ్మల్ని ఆ ప్రశ్న అడగాలి. పడదని తెలిసిన మనిషి మెనూలో ఉన్న మిగతా వంటలన్నీ వదిలి దాన్నే ఎంచుకోవడం ఏమిటి?

బిల్లు మీద 'నో పీనట్' ఉంది కాబట్టి కథ తిరగబడింది. వేరుశెనగ వద్దన్న మాటను స్టాల్ విన్నది, ఒప్పుకున్నది, అచ్చువేసి మీ చేతికిచ్చింది. అదే చట్టంలోని సెక్షన్ 84 ప్రకారం, సరుకు గురించి స్పష్టంగా ఇచ్చిన హామీకి సరుకు తగినట్టు లేకపోతే తయారుచేసినవారు బాధ్యులు. హామీ ఇవ్వడంలో మేం అజాగ్రత్తగా లేం, మోసం చేయలేదు అని వారు నిరూపించుకున్నా బాధ్యత తప్పదని ఆ సెక్షన్ రెండో ఉపవిభాగం చెబుతోంది. వంటవాడు పొరపాటున వేశాడా, పక్క వంట చేసిన మూకుడునే కడగకుండా వాడాడా అన్నది మీరు తేల్చనక్కర్లేదు. స్టాల్ అమ్మింది తానే వండింది కాబట్టి తయారీదారూ తానే. ఈ దారిలోనే వాదించండి.

మీ కథలో మీరు దాటేసిన ఇంకో సంగతి: కౌంటరు దగ్గర నిలబడింది మీరు కాదు. 'నేను బల్ల పట్టుకుని కూర్చున్నాను, ఆవిడే వెళ్లి తెచ్చింది' అని మీరే రాశారు. డబ్బు కూడా ఆవిడ ఫోను నుంచే వెళ్లింది. అంటే వేరుశెనగ వద్దని చెప్పిందీ, 'సరే మేడమ్' అన్న జవాబు విన్నదీ మీ శ్రీమతి. ఆ విషయంలో మీ ప్రమాణపత్రానికి విలువ తక్కువ, ఆవిడదే ప్రత్యక్ష సాక్ష్యం. కౌంటరు దగ్గర ఏ మాటలు జరిగాయో, ఎదుట ఎవరున్నారో ఆవిడకు గుర్తున్నంతవరకు ఆవిడ మాటల్లోనే రాయించండి. గుర్తులేనిది రాయించకండి. కొన్నవారితో పాటు వారి సమ్మతితో వాడుకున్నవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే కనుక మీ ఇద్దరూ ఫిర్యాదుదారులుగా చేరండి. లేకపోతే డబ్బు కట్టింది మీరు కాదన్న చిన్న అభ్యంతరం మీద నాలుగు వాయిదాలు పోతాయి.

పెళ్లిరోజు జ్ఞాపకమని పంపిన సెల్ఫీ ఉంది చూశారా, అందులో మీ ఇద్దరి వెనక మెనూ బోర్డు చాలావరకు కనిపిస్తోంది. కేంద్ర లైసెన్సు ఉన్న, లేదా పది, అంతకు మించి చోట్ల శాఖలున్న ఆహార సంస్థలు వేరుశెనగ వంటి అలర్జీ పదార్థాల వివరం మెనూతో పాటు తెలియజేయాలని ఆహార భద్రతా సంస్థ 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఈ స్టాల్‌కు అన్ని శాఖలున్నాయో లేదో వాకబు చేయండి. ఉంటే ఆ సెల్ఫీ రెండో ఆధారం. ఫొటోను కత్తిరించకండి, వాట్సాప్‌లో తిప్పినది కాక ఫోనులోని మూల ఫైలునే భద్రపరచండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ ఆధారానికి ధ్రువపత్రం జతచేయాలి. వినియోగదారుల కమిషన్ సివిల్ కోర్టు అంత పట్టుగా ఉండకపోవచ్చు, కానీ ఎదుటివారికి సందు ఇవ్వడమెందుకు?

ఇక మీ బావమరిది సలహా. దాన్ని ఇక్కడితో ఆపేయండి, ఆ డాక్టరు గడప తొక్కకండి. అత్యవసర విభాగం రిజిస్టరులో మీ పేరు రాత్రి 9.02కు ఎక్కింది. డిశ్చార్జి కాగితంలో 'తీవ్ర అలర్జీ' అనీ, అడ్రినలిన్ ఇంజెక్షను ఇచ్చినట్టూ ఉంది. బిల్లుకూ ఆసుపత్రి ప్రవేశానికీ మధ్య 48 నిమిషాలు. వేరుశెనగ అలర్జీ సాధారణంగా తిన్న నిమిషాల్లోనే మొదలవుతుంది. ఆ 48 నిమిషాలే తిండికీ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని మీ తరఫున చెబుతాయి. పాడైన తిండి వల్ల జబ్బు సాధారణంగా గంటల తరబడి ఆగి బయటపడుతుంది, అదీ వాంతులు, విరేచనాలతో. 'విషాహారం' అన్న కొత్త కాగితం తెచ్చిన రోజున మీ గడియారమే మీకు ఎదురు సాక్షి అవుతుంది, 'నో పీనట్' పనికిరాకుండా పోతుంది. పైగా లేని సాక్ష్యాన్ని పుట్టించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద నేరం, న్యాయ విచారణలో వాడటానికైతే ఏడేళ్ల వరకు శిక్ష. బాధితుడిగా వెళ్లి ముద్దాయిగా తిరిగి వస్తారు. ఇప్పుడు ఉన్న డిశ్చార్జి కాగితమే ఉండవలసిన కాగితం. దానికి తోడు, వేరుశెనగ పడదని గతంలో చేయించుకున్న పరీక్షల చీటీలేమైనా ఉంటే వెతకండి, సంఘటనకు ముందటి తేదీ ఉన్నది దొరికితే మంచిది.

మీ ఉత్తరంలో ఒక వాక్యం మీకు ఇబ్బంది. 'పంటి కింద గుల్లగా తగిలింది, జీడిపప్పు అనుకుని ఇంకో రెండు చెంచాలు తిన్నాను' అని రాశారు. దీన్ని పట్టుకుని మీ నిర్లక్ష్యం కూడా ఉందంటారు. పరిహారం కొంత తగ్గవచ్చు. అయినా దాచకండి, ఉన్నది ఉన్నట్టు ఫిర్యాదులోనే చెప్పండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే మిగతా కథ మీద కూడా నమ్మకం పోతుంది.

మిగిలిన వంటను డబ్బాలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో దాచానని రాశారు. ఇరవై రెండు నెలలుగా! పారేయండి. ఆహార భద్రతా చట్టం, 2006 సెక్షన్ 40 కింద కొనుగోలుదారు తానే పరీక్ష చేయించుకోవచ్చు కానీ, ఆ ఉద్దేశాన్ని కొనేటప్పుడే అమ్మినవారికి చెప్పాలి. ఊపిరి ఆడని మనిషికి అది గుర్తుండదు, సరే. కానీ ఆ మర్నాడే మీ శ్రీమతి గానీ బావమరిది గానీ ఆహార భద్రతా అధికారికి ఫిర్యాదు ఇచ్చి ఉండవచ్చు, సీసీటీవీ దృశ్యాలు దాచి ఉంచమని మాల్‌కు ఒక ఉత్తరం రాసి ఉండవచ్చు. ఆ దృశ్యాలు ఈపాటికి చెరిగిపోయి ఉంటాయి. ఆ చట్టం కింద ప్రాసిక్యూషన్‌కు గడువు ఏడాది. ఆహార భద్రతా కమిషనర్ కారణాలు రాసి మూడేళ్ల దాకా అనుమతించవచ్చు గానీ, నమూనా లేని కేసుకు ఎవరు అనుమతిస్తారు? ఆ దారి మూసుకుపోయిందనుకోండి.

తెరిచి ఉన్న దారికి గడువు రెండేళ్లు, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69. మీ లెక్క 2026 ఆగస్టు 18తో ముగుస్తుంది. ఇప్పుడు జూన్. 'లాయరు నోటీసు ఇచ్చాం కాబట్టి గడువు ఆగింది' అని ఎవరో చెప్పారట. ఆగదు. నోటీసు ఇచ్చినా, 1915 హెల్ప్‌లైన్‌కు ఫోను చేసినా, స్టాల్ మేనేజరు 'చూద్దాం సార్' అంటూ తిప్పినా కాలం నడుస్తూనే ఉంటుంది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలుంది నిజమే. కానీ చేతిలో రెండు నెలలుండగా ఆ మన్నింపు మీద ఆధారపడేవారిని ఏమనాలి? శ్రీమతి ప్రసవం, పాప పనులు అని రాశారు. అవి మొదటి ఏడాదికి సరిపోతాయి.

ఫిర్యాదు విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచైనా దాఖలు చేయవచ్చు. 2019 చట్టంలో కమిషన్ స్థాయిని నిర్ణయించేది మీరు అడిగే పరిహారం కాదు, మీరు చెల్లించిన సొమ్ము. ఈ పద్ధతిని సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది. మీరు చెల్లించింది 651 రూపాయలు కాబట్టి ఫీజు కూడా లేదు. ప్రతివాదిగా బోర్డు మీది పేరును కాదు, బిల్లు మీద ఉన్న కంపెనీ పేరునే పెట్టండి. రెండూ వేరని మీ ఫొటోలోనే కనిపిస్తోంది. ఫుడ్‌కోర్టు నడిపే సంస్థను రెండో ప్రతివాదిగా చేర్చండి. మాల్ యజమానిని లాగకండి, నోటీసులు అందించడానికే కాలం పోతుంది. నోటీసు అందాక వారు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి. ఆ పైన ఒక్క రోజు కూడా ఇవ్వడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఈలోగా ఆ రోజు బిల్లింగ్ రికార్డు, వంటగదికి వెళ్లిన ఆర్డరు చీటీ చెరపవద్దని ఇద్దరికీ స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి, అందినట్టు రుజువు ఉంచుకోండి. తర్వాత సెక్షన్ 38 కింద వాటిని తెప్పించమని కమిషన్‌ను కోరండి. వంటగది చీటీలోనూ 'నో పీనట్' ఉంటే వారికి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

25 లక్షలు అడగకండి. ఆసుపత్రి బిల్లు 41,300 అన్నారు, అందులో బీమా ఎంత కట్టిందో రాయలేదు. అది కూడా చెప్పండి. చేతి నుంచి పోయినది, పోయిన జీతం, రెండు రోజుల ఐసీయూ యాతనకు పరిహారం, కేసు ఖర్చులు, అన్నీ కలిపి నేనైతే మూడు లక్షలకు మించి వేయను. పెద్ద అంకె చూస్తే న్యాయమైన అంకె మీద కూడా అనుమానం పుడుతుంది.

చివరిగా, ఆ బిల్లు. అసలు కాగితం 'బీరువాలో ఎక్కడో ఉంది' అని రాశారు. అది వేడికి అచ్చుపడే కాగితం, మన ఊరి ఎండకూ ఉక్కకూ ఏడాది రెండేళ్లలో తెల్లకాగితమైపోతుంది. ఈ పూటే వెతకండి. దొరకగానే నాలుగు జిరాక్సులు, ఒక స్కాను తీయించి, అసలుదాన్ని మామూలు కాగితపు కవరులో పెట్టి నీడలో దాచండి. ప్లాస్టిక్ కవరు వద్దు. భద్రంగా ఉంటుందని లామినేషన్ మాత్రం చేయించకండి, ఆ వేడికి కాగితమంతా నల్లబడి 'నో పీనట్' కూడా అందులోనే కలిసిపోతుంది.