పండగ పిండివంటల్లో తీపి ఎక్కడ తగ్గించాలి: పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు హడావిడిలో అడిగావు, నేనూ హడావిడిలోనే చెప్పాను. రాత్రి పడుకున్నాక చెప్పాల్సినవన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. అందుకే పొద్దున్నే కాగితం పట్టుకుని కూర్చున్నాను. అత్తవారింట్లో నీ చేత్తో చేసే మొదటి సంక్రాంతి ఇది, పైగా మావయ్యగారికి షుగరు. "అన్నిట్లో బెల్లం సగం చేసేస్తాను పెద్దమ్మా" అన్నావు. ఆయన గురించి అంత ఆలోచించావని నాకు ఎంత సంతోషమేసిందో. కానీ అన్నిట్లో సగం అంటే కుదరదు తల్లీ.

మీ పెదనాన్నకి షుగరు బయటపడిన ఏడాది నేనూ అదే చేశాను. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం పట్టేచోట అరకిలో కూడా వేయకుండా అరిసెల పాకం పట్టాను. చలిమిడి చూడ్డానికి బాగానే ఉంది. మొదటి అరిసె నూనెలో వేయగానే విచ్చిపోయింది. రెండోదీ అంతే. మూకుడు నిండా పిండి రవ్వలే. నూనె పోయింది, పిండి పోయింది, భోగి ముందు రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చాను. అప్పుడు మా అత్తగారు వచ్చి, "అరిసెలో పిండిని పట్టుకునేది బెల్లమేనమ్మా, అది తీసేస్తే ఇంకేం పట్టుకుంటుంది?" అన్నారు. అప్పటినుంచి ఏ పిండివంట మొదలుపెట్టినా ముందు అదే చూసుకుంటాను. ఇందులో బెల్లం రుచికి ఉందా, కట్టుకోడానికి ఉందా అని. రుచికే అయితే తగ్గిస్తాను. కట్టుకోడానికైతే కొలత ముట్టుకోను, సైజు తగ్గిస్తాను.

అరిసెలు రెండో రకం. కొలత పూర్తిగా వెయ్యి. కిలో బియ్యానికి మామూలుగా 40 అరిసెలు వచ్చాయనుకో, ఒక్కోదాంట్లో దాదాపు 19 గ్రాముల బెల్లం ఉన్నట్టు. నిమ్మకాయంత ఉండలు కాకుండా ఉసిరికాయంత చేసి 80 అరిసెలు వత్తితే, ఒక్కోదాంట్లో తొమ్మిదిన్నర గ్రాములు దాటదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహాలో పంచదార, బెల్లం, తేనె లాంటివన్నీ కలిపి రోజుకి 25 గ్రాముల లోపు, అంటే ఆరు చెంచాల లోపు ఉంటే ఇంకా మంచిదని ఉంది. అది షుగరున్నవాళ్లకే కాదు, నీకూ నాకూ కూడా. పెద్ద అరిసె ఒక్కటి తింటే అందులో ముప్పావు వంతు అయిపోయినట్టే. పైన నువ్వులు మాత్రం ధారాళంగా అద్దు. చిన్న అరిసె కరకరలాడుతూ ఇంకా బాగుంటుంది.

సున్నుండల్లో నీకు కావాల్సినంత స్వేచ్ఛ ఉంది. అక్కడ ఉండ కట్టేది నెయ్యి, బెల్లం కాదు. అందరూ మినపప్పుకి సమానంగా బెల్లం వేస్తారు. నేను గ్లాసు పప్పుకి అరగ్లాసు కోరిన బెల్లంతో ఆపేస్తాను. కిటుకంతా వేయించడంలో ఉంది. పొట్టు మినపప్పు తీసుకో, గుప్పెడు బియ్యం కలుపు, సన్నటి మంట మీద ఓపిగ్గా కలుపుతూ ఉండు. వాసన హాల్లోకి వచ్చేదాకా దించకు. సరిగ్గా వేగిన మినపప్పుకి దాని కమ్మదనం దానికే ఉంటుంది, బెల్లం తక్కువైందన్న సంగతి నాలుకకి పట్టదు. తెల్లగా మెరిసే బెల్లం కొనకు, ముదురు రంగుది తీసుకో. దాని రుచి గాఢంగా ఉంటుంది కాబట్టి కొంచెం వేసినా తెలుస్తుంది. చిటికెడు ఉప్పు కూడా వెయ్యి, తీపి పైకి లేస్తుంది. నెయ్యి మాత్రం గోరువెచ్చగా, కొంచెం కొంచెంగా పోస్తూ కట్టు.

నువ్వులుండలు పాకం పట్టి చెయ్యకు, చిమ్మిలి చెయ్యి. దోరగా వేయించిన నువ్వులు, బెల్లం కలిపి రోట్లో దంచితే నువ్వుల్లోంచి నూనె ఊరి అదే ఉండ కడుతుంది. గ్లాసు నువ్వులకి అరగ్లాసు బెల్లం చాలు. రోలు లేకపోతే మిక్సీ, కానీ ఆపి ఆపి తిప్పు. ఒకటే తిప్పుడు తిప్పితే వేడెక్కి ముద్దయిపోతుంది. కజ్జికాయల గురించి చెప్పేదేం లేదు, లోపలిది పొడే కాబట్టి ఎంతైనా తగ్గించుకోవచ్చు. ఎండు కొబ్బరి, యాలకులు పెంచు.

బొబ్బట్ల దగ్గర కొంచెం జాగ్రత్త. గ్లాసు సెనగపప్పుకి ముప్పావు గ్లాసు బెల్లంతో మొదలుపెట్టు, వచ్చే ఏడాది అరగ్లాసుకి రా. ఒకేసారి దించితే మీ ఆయనే ముందు అలుగుతాడు, నాలుక మెల్లగా అలవాటు పడుతుంది. బెల్లం తగ్గితే పూర్ణం పొడిపొడిగా అయి వత్తేటప్పుడు పై పిండి చిరుగుతుంది. అందుకని పప్పు ఇంకొంచెం మెత్తగా ఉడకనివ్వు, పూర్ణంలో చెంచా నెయ్యి కలుపు. వార్చిన కట్టు పారబోయకు, చారు పెట్టు. తీపి తక్కువైన పూర్ణం తొందరగా పులుస్తుంది, చేసిన రోజే తినేయండి, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టు.

పరమాన్నం వేడివేడిగా వడ్డించు. చల్లారితే అదే తీపి తక్కువగా అనిపిస్తుంది, అప్పుడు అందరూ ఇంకాస్త బెల్లం అడుగుతారు.

ఇక అసలు భయపడే మాట ఒకటుంది. "పంచదార వద్దు, బెల్లమైతే ఏం కాదు" అని మీ ఇంటికి వచ్చే ప్రతి చుట్టమూ మావయ్యగారికి చెప్తారు. నేనూ నమ్మాను. ఆ ఏడాది మీ పెదనాన్నకి బెల్లం ఉండలు నిశ్చింతగా పెట్టాను, కనుమ నాటికి షుగరు బాగా పెరిగిపోయింది. బెల్లంలో కాస్త ఇనుమూ అవీ ఉంటే ఉండొచ్చు గానీ, ఎక్కువ భాగం పంచదారలో ఉన్న చక్కెరే. తేనె, ఖర్జూరం పేరు చెప్పి లెక్క తప్పించుకోడానికీ లేదు. అరిసెలో బియ్యప్పిండి, బొబ్బట్టులో మైదా కూడా షుగరు పెంచేవే, కాబట్టి బెల్లం తగ్గించాం కదా అని నాలుగు పెట్టకు. చక్కెర బదులు వాడే పొడులతో పాకం రాదు, ఒకసారి వేసి చూశాను, చేదు మిగిలింది.

మావయ్యగారికి పళ్లెంలో ముందు కూర, పప్పు పెట్టి, తీపి భోజనం చివర ఒక్కటి పెట్టు. పరగడుపున వద్దు. ఇంకో సంగతి, స్వీటు తినాలని పొద్దున్న టిఫిను మానేసి మాత్ర మాత్రం వేసుకుంటారేమో కనిపెట్టి ఉండు. మీ పెదనాన్న అలాగే చేసి చెమటలు పట్టి వణికిపోయారు. టిఫిను తినాల్సిందే. మాత్రల్లో మార్పు గురించి మీ అంతట మీరే నిర్ణయించుకోకుండా పండగకి ముందే డాక్టరుగారిని అడగండి. మావయ్యగారి పళ్లెం వేరుగా, ఆయన ఉండలు వేరుగా మాత్రం చెయ్యకు తల్లీ. ఇంటిల్లిపాదికీ అవే సున్నుండలు, అవే చిన్న అరిసెలు. పండగపూట తనొక్కడికీ వేరే డబ్బా పెడితే మనిషి చిన్నబుచ్చుకుంటాడు. మీ పెదనాన్న ముఖంలో అది చూశాను కాబట్టి చెప్తున్నాను.

మీ అమ్మ భోగికి రెండు రోజుల ముందు వస్తానంది. తనతో మా అరిసెల చెక్కలు పంపిస్తున్నాను. బియ్యం ముందు రోజే నానబోసి రెండుసార్లు నీళ్లు మార్చు. పిండి తడి ఆరకముందే పాకం పట్టాలి. పాకం నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టిందా లేదా అని అనుమానమొస్తే వెంటనే వీడియో కాల్ చెయ్యి. ఎంత పని ఉన్నా ఎత్తుతాను.

నీ పెద్దమ్మ