మీ సినిమా మొదట ఎవరు చూడాలి?

ప్రశ్న: మేడమ్, నేను కర్నూలులో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. శ్రీశైలం ప్రాజెక్టులో ఊళ్లు పోగొట్టుకున్నవాళ్ల మీద స్నేహితులం కలిసి 26 నిమిషాల డాక్యుమెంటరీ తీశాం. మా జేజిది కూడా ముంపు ఊరే. ఆత్మకూరు, నందికొట్కూరు వైపు తిరిగి పెద్దవాళ్లతో మాట్లాడించాం. సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడినప్పుడు పోయి షూట్ చేశాం. నెల కిందట యూట్యూబ్‌లో పెడితే 186 వ్యూస్ వచ్చాయి, అందులో సగం మా క్లాసువాళ్లవే. రీల్స్ చేయమని ఒకడు, డబ్బు పెట్టి బూస్ట్ చేయమని ఇంకొకడు, ఫెస్టివల్‌కు పంపమని మా సార్. ఏది చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఓ విద్యార్థి, కర్నూలు

జవాబు: లింకు కూడా పంపావు కాబట్టి కూర్చుని చూశాను, నాయనా. పద్నాలుగో నిమిషంలో ఒక పెద్దాయన నీళ్ల వైపు చెయ్యి చూపించి "అదో, ఆడ మా కల్లం" అంటాడే, అక్కడ ఆపి మళ్లీ వెనక్కి వేసుకున్నాను. సినిమా బాగుంది. ఆ 186 సంగతి తర్వాత చూద్దాం గానీ, ఆ పెద్దాయన ఈ సినిమా చూశాడా? నీ ఉత్తరంలో ఆ ముక్క లేదు.

శ్రీశైలం నీళ్లలో అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద ఊళ్లకు పైగా మునిగాయి. 1981లో ఖాళీ చేయించినప్పుడు ఆ జనమంతా ఒక్కచోటికి పోలేదు. దగ్గరి ఊళ్లలో కొందరు, కర్నూలు టౌన్‌లో కొందరు, బతుకుతెరువు కోసం హైదరాబాదుకో బెంగళూరుకో పోయినవాళ్లు కొందరు. 98 జీవో కింద ఇంటికో ఉద్యోగం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు ఒకరినొకరు వదిలిపెట్టలేదు. సంఘాలు పెట్టుకున్నారు, ఇప్పుడు వాట్సాప్ గ్రూపులు లేకుండా ఉండవు. నీ సినిమా కోసం ఎదురుచూస్తున్నామని వాళ్లకే తెలియదు, అంతే. నువ్వేమో ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి చూడలేదని బాధపడుతున్నావు.

కాబట్టి ఈ రోజే ఆ వీడియోను 'అన్‌లిస్టెడ్'లోకి మార్చు. అంటే లింకు ఉన్నవాళ్లే చూడగలరు, వెతికితే దొరకదు. దీనికి రెండు కారణాలు. ఒకటి ఫెస్టివల్ సంగతి, దానికి మళ్లీ వస్తాను. రెండోది పెద్దది. సినిమాలో ఒకావిడ పరిహారం డబ్బు ఇంట్లో ఎవరు తీసుకున్నారో పేరు పెట్టి చెప్పింది. కెమెరా ముందు మాట్లాడేటప్పుడు ఆమెకు నువ్వు పరిచయమున్న పిల్లోడివి. రేపు అదే మాట ఆమె మరిది కొడుకు ఫోన్‌లో మోగితే? ఆమెకు చూపించు, పక్కన కూర్చో, వద్దంటే ఆ ముక్క తీసెయ్. సంతకం పెట్టించుకున్నాం కదా అనకు. సంతకం పెట్టినప్పుడు సినిమా ఎలా వస్తుందో ఆమెకు తెలియదు.

మాట్లాడినవాళ్లందరి దగ్గరికీ మళ్లీ పో. బడిలోనో రామాలయం దగ్గరో సాయంత్రం పూట అద్దె ప్రొజెక్టర్ పెట్టు, తెల్ల దుప్పటి కట్టు. సౌండ్ మాత్రం మంచిది తెచ్చుకో, మన ఊళ్లలో బొమ్మ మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. సినిమా అయ్యాక జనం మాట్లాడతారు. "వాడు చెప్పింది తప్పు, గుడి అటువైపు" అంటారు. రాసుకో. నీ తర్వాతి సినిమా అక్కడే ఉండొచ్చు. వెళ్లేముందు ఆ ఊరి గ్రూపు అడ్మిన్ ఎవరో కనుక్కో.

గ్రూపుల్లో సినిమా ఫైలు పడేయకు. వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని నలిపేస్తుంది, బొమ్మ పాడవుతుంది, పైగా ఎంతమంది చూశారో నీకు లెక్క తెలియదు. లింకే పంపు. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో పెద్దవాళ్లకు కావాలంటే మాత్రం 'డాక్యుమెంట్'గా పంపు, అప్పుడు క్వాలిటీ పోదు.

ఇక జనంలోకి ఎప్పుడు వదలాలి? దీనికి నీకున్న అదృష్టం అందరికీ ఉండదు. శ్రీశైలం డ్యామ్ నిండితే నీటిమట్టం 885 అడుగులు. నీరు తగ్గేకొద్దీ ఏటా సంగమేశ్వరం గుడి శిఖరం బయటపడుతుంది, వేసవిలో జనం పోయి పూజలు చేస్తారు, కృష్ణకు వరద రాగానే మళ్లీ మునుగుతుంది. శిఖరం కనిపించిన రోజు పేపర్లలో ఫొటో పడుతుంది, టీవీలో వస్తుంది. ఆ వారమంతా మనుషులు 'సంగమేశ్వరం' అని ఫోన్‌లో కొడతారు. నీ సినిమా ఆ వారం రావాలి. అదే ఫొటో వేసే లోకల్ రిపోర్టర్‌కు నాలుగు రోజుల ముందే లింకు పంపు. పండగలా ఉండాలనుకుంటే యూట్యూబ్‌లో 'ప్రీమియర్' పెట్టుకో, టైము ముందే చెప్పొచ్చు, అందరూ ఒకేసారి చూస్తూ పక్కన చాట్ చేస్తారు. రాత్రి ఎనిమిదిన్నర తర్వాత పెట్టు, అన్నాలు తినే టైములో వద్దు.

టైటిల్ గురించి కోపం తెచ్చుకోకు. నువ్వు పెట్టిన పేరు కవిత్వంలా ఉంది గానీ అందులో శ్రీశైలం లేదు, ముంపు లేదు, సంగమేశ్వరం లేదు. వెతికేవాడికి ఎలా దొరుకుతుంది? పేరు అలాగే ఉంచుకుని పక్కన గీత గీసి "శ్రీశైలం ముంపు ఊళ్ల కథ" అని చేర్చు. కింద డిస్క్రిప్షన్‌లో సినిమాలో వచ్చే ప్రతి ఊరి పేరూ రాయి, తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి. ఏ ఊరి మాట ఎన్నో నిమిషంలో ఉందో కూడా వేస్తే వీడియోలో అధ్యాయాలు వాటంతటవే వస్తాయి. మొదటిది 0:00తో మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి. నా ఊరు ఎక్కడుందో అని చూసేవాళ్లు నేరుగా అక్కడికి దూకుతారు. దూకనీ.

వీడియో కింద మొదటి కామెంట్ నువ్వే రాసి పిన్ చెయ్: "మీది ఏ ఊరు? మీ ఇంట్లో ఎవరు అక్కడ పుట్టారు?" జవాబులు వస్తాయి. ప్రతిదానికీ జవాబు రాయి, ఫోన్ నంబర్లు మాత్రం బయట పెట్టనివ్వకు.

రీల్స్ తప్పకుండా చెయ్. యూట్యూబ్ షార్ట్స్ ఇప్పుడు మూడు నిమిషాల దాకా పెట్టొచ్చు. కానీ ట్రైలర్‌లా ముక్కలు ముక్కలుగా కోయకు. ఒక మనిషి, ఒక సంగతి, పూర్తిగా. ఆ కల్లం ముక్క ఒక్కటి చాలు.

బూస్ట్ వద్దు. డబ్బు పెడితే వ్యూస్ పెరుగుతాయి, చూసేవాళ్లు పెరుగుతారని కాదు. యూట్యూబ్ స్టూడియోలో జనం ఏ సెకనులో వదిలేశారో గ్రాఫ్ కనిపిస్తుంది, అది చూసుకో. నీ మొదటి నిమిషంన్నర అంతా డ్రోన్ షాటూ, కాలేజీ పేరూ, థాంక్స్ కార్డులూ. అవన్నీ చివరికి తోసెయ్, కల్లం పెద్దాయనతో మొదలుపెట్టు.

ఫెస్టివల్ విషయం: ఇంటర్నెట్‌లో బహిరంగంగా ఉన్న సినిమాను కొన్ని ఫెస్టివల్స్ తీసుకోవు, కొన్నిటికి పట్టింపు లేదు. రూల్స్ చదివాకే పంపు. తిరువనంతపురంలో కేరళ వాళ్ల డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ ఉంది, ముంబైలో రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్, మిఫ్ ఉంది. వీటి సైట్లు చూడు. ఫీజు డాలర్లలో తీసుకుని నెలనెలా పది 'అవార్డులు' పంచేవాటికి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకు, ఆ డబ్బుతో ఇంకో ఊళ్లో ప్రొజెక్టర్ పెట్టొచ్చు. బయటి రాష్ట్రాలకు పంపేదానికి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ నువ్వే రాసుకో. ఆటోమేటిక్‌గా వచ్చేవాటిని నమ్మితే మన సీమ మాట దానికి అర్థం కాక కల్లాన్ని ఏం చేస్తుందో చెప్పలేం.

ప్రశ్న: శనక్కాయ రైతుల మీద తీసిన మా ప్రాజెక్టు వీడియోకు వెనక సినిమా పాట వేశాం. కాపీరైట్ క్లెయిమ్ అని వచ్చింది. ఛానల్ పోతుందా?
– బి.ఎ. విద్యార్థిని, అనంతపురం

జవాబు: పోదమ్మా. క్లెయిమ్ వేరు, ఛానల్‌కు ముప్పు తెచ్చే స్ట్రైక్ వేరు. క్లెయిమ్ వస్తే మామూలుగా ఆ వీడియో మీద వచ్చే యాడ్ డబ్బు పాట హక్కుదారుకు పోతుంది, లేదా కొన్ని దేశాల్లో వీడియో కనిపించదు. స్టూడియోలోకి పోయి ఆ పాటను తీసెయ్యొచ్చు, మార్చుకోవచ్చు. ఉచితంగా వాడుకునే సంగీతం యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోనే ఉంది. అయినా అనంతపురంలో శనక్కాయలు పీకే ఆడవాళ్లను పెట్టుకుని సినిమా పాట ఎందుకు? వాళ్లను అడిగి వాళ్ల పాటే రికార్డు చేసుకో, కింద పేర్లు వెయ్.

ప్రశ్న: పదిహేను నిమిషాలు దాటిన వీడియో యూట్యూబ్‌లోకి ఎక్కడం లేదు. ఎందుకు?
– ప్రొద్దుటూరు నుంచి ఓ పాఠకుడు

జవాబు: మీ అకౌంట్ ఫోన్ నంబర్‌తో వెరిఫై కాలేదు. సెట్టింగ్స్‌లో నంబర్ ఇస్తే కోడ్ వస్తుంది, అది కొడితే సరి. సొంత థంబ్‌నెయిల్ పెట్టుకోవడానికి కూడా అదే దారి.