మెట్రోనిడజోల్ వేసుకుంటే నోరంతా ఇనుము రుచి: సమాధానం

మీ నాన్నగారికి మాత్ర వేసుకున్నాక నోట్లో ఇనుప ముక్క పెట్టుకున్నట్టుంది, అన్నం సయించట్లేదు అన్నారు కదండీ. అది మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ పనే. రక్తంలో కలిసిన మందు లాలాజలంలోకి కూడా ఊరుతుంది, అందుకే ఎంత పుక్కిలించినా కాసేపే హాయి.

మాత్రను నాలుక మీద నాననివ్వకుండా, అన్నం తిన్నాక గ్లాసుడు నీళ్లతో గటుక్కున మింగమనండి. స్టీలు చెంచా పక్కనబెట్టి చేత్తో తింటే నయం. మా ఇంట్లో నిమ్మకాయ పిండిన చల్లటి మజ్జిగ, పలచటి చింతపండు చారు పనిచేశాయి (నోట్లో పుండ్లుంటే పులుపు వద్దు).

రుచి బాలేదని కోర్సు మధ్యలో ఆపకండి. అయిపోయిన కొద్ది రోజులకు మామూలవుతుంది. వేళ్లు తిమ్మిరెక్కితే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పండి.

అన్నట్టు, ఆయనకు ఆ 'మందు' అలవాటుంటే, ఈ మందు అయ్యాక కూడా 3 రోజుల దాకా ముట్టొద్దనండి!